తెగులు ఒకటి – మూలాలు అనేకం

టమాట లేని వంటిల్లు నేడు తెలుగునాట అరుదు. పప్పులోను, పులుసులోను, చారులోను, రోటి పచ్చడిలోను అది తన చోటు తాను సంపాదించుకొన్నది. అయితే ఇది మన నేలలో పుట్టిన మొక్క కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దీని జన్మస్థానం. ఐరోపా వర్తకుల వెంట సముద్రాలు దాటి భారతదేశానికి చేరింది. తెలుగువారు దీనికి రామములగ అని పేరు పెట్టుకొని తమదిగా చేసుకొన్నారు. వంగ, మిరప, ఆలుగడ్డ, పొగాకు మొక్కలు దీనికి దగ్గరి చుట్టాలు. చుట్టరికం ఉన్నచోట సుఖంతోపాటు కష్టం కూడా పంచుకోక తప్పదు. ఈ మొక్కలు పంచుకొనే కష్టాలలో వైరస్ తెగుళ్ళు ముఖ్యమైనవి.

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మొదటి రెండు జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. కోరుట్ల, జగిత్యాల పట్టణాలు నిజామాబాదు నుండి మంచిర్యాలకు పోయే 63వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. వాటికి దక్షిణాన మానేరు ఒడ్డున మరమగ్గాలకు పేరుపొందిన సిరిసిల్ల ఉన్నది. వరి, మొక్కజొన్న, పసుపు, పత్తి, మామిడి ఈ సీమలోని ప్రధాన పంటలు. వాటి నడుమ కొద్దిపాటి నేలలో కూరగాయలు పండించి, వారానికి రెండుమూడుసార్లు కోసి, దగ్గరి అంగడికి చేర్చి, ఇంటి ఖర్చు వెళ్ళదీసుకొనే చిన్న రైతులు ఉన్నారు. అట్టి రైతుకు టమాట చేను చేతిలో ఆడే డబ్బు.

ఆ చేనులో ఒక ఉదయం లేత ఆకులు పైకి ముడుచుకొని, చిన్నబోయి, అంచులు పసుపుబారి కనిపిస్తాయి. రైతు నోట వచ్చే మాట ఒక్కటే: “వైరస్ వచ్చింది.” ఆ మాట నిజమే. కాని అది సగం నిజం. వచ్చినది ఏ వైరస్? పక్క ఊరి చేనుకు వచ్చినది అదేనా? పోయిన ఏడు వచ్చినదీ, ఈ ఏడు వచ్చినదీ ఒకటేనా? ఈ ప్రశ్నలు పండితుల కాలక్షేపానికి పుట్టినవి కావు. రైతు రేపు కొనబోయే విత్తనం పనిచేస్తుందా లేదా అన్నది ఈ ప్రశ్నల జవాబు మీదనే ఆధారపడి ఉన్నది.

వైరస్ అంటే ఏమిటి?

లాటిన్ భాషలో ‘వైరస్’ అంటే విషం. 1886లో అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు నెదర్లాండ్స్‌లో పొగాకు ఆకులపై రంగురంగుల మచ్చలు కలిగించే రోగాన్ని వర్ణించి, దానికి ‘మొజాయిక్’ అని పేరు పెట్టాడు. రోగగ్రస్తమైన ఆకు రసాన్ని మంచి మొక్కకు ఎక్కిస్తే దానికీ రోగం సోకుతుందని చూపాడు. 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ బాక్టీరియాను ఆపగల వడపోత గుండా ఆ రసాన్ని వడకట్టాడు. వడకట్టిన తరువాత కూడా దానికి రోగం కలిగించే శక్తి పోలేదు. 1898లో బైయెరింక్ అది బాక్టీరియా కాదనీ, జీవకణంలో మాత్రమే పెరిగే మరొక పదార్థమనీ ప్రతిపాదించాడు. 1935లో అమెరికా శాస్త్రజ్ఞుడు వెండెల్ స్టాన్లీ ఆ వైరస్‌ను స్ఫటికంగా వేరుచేశాడు. అందుకు 1946లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు.

వైరస్ నిర్మాణం చాలా చిన్నది. కొంత జన్యుపదార్థం, దాని చుట్టూ ఒక ప్రొటీను తొడుగు ఉంటాయి. జన్యుపదార్థం కొన్నింటిలో డి.ఎన్.ఎ., మరికొన్నింటిలో ఆర్.ఎన్.ఎ. రూపంలో ఉంటుంది. వైరస్ తనంత తాను తినలేదు, పెరగలేదు, కదలలేదు. జీవకణంలో ప్రవేశించిన పిమ్మట ఆ కణంలోని యంత్రాంగాన్నే వాడుకొని తనవంటి ప్రతులను వేలకొలది తయారు చేయించుకొంటుంది. అందుకే వైరస్ సోకిన మొక్కను మందుతో బాగుచేయడం సాధ్యపడటం లేదు. వైరస్ పని, మొక్క కణం పని విడదీయరానంతగా పెనవేసుకొని ఉంటాయి.

ఒక పురాతన సాక్ష్యం

మొక్కల వైరస్ తెగులును గురించిన తొలి ప్రస్తావన శాస్త్ర గ్రంథంలో కాక కావ్యంలో దొరకడం సాహిత్య విద్యార్థులు గమనింపదగిన విషయం. జపాన్ దేశపు ప్రాచీన కవితాసంకలనం పేరు ‘మన్యోషు’. పదివేల ఆకుల సంపుటి అని దాని అర్థం. అందులో క్రీ.శ. 752 నాటి ఒక చిన్న కవిత జపాన్ మహారాణి కోకెన్ రచనగా ఉన్నది. వేసవిలోనే ఒక మొక్క ఆకులు శరత్కాలపు ఆకులవలె పసుపుబారిన దృశ్యాన్ని ఆమె వర్ణించింది. నన్నయకు దాదాపు మూడు శతాబ్దాలకు ముందటి మాట ఇది. ఆ మొక్కలో నేటికీ కనిపించే పసుపు రంగుకు కారణం జెమిని వైరస్, దాని వెంట ఉండే ఒక ఉపగ్రహ డి.ఎన్.ఎ. అని 2003లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. టమాటలో ఆకుముడతను కలిగించేవి కూడ ఆ కుటుంబంలోని వైరస్‌లే. మహారాణికి అది అందంగా కనిపించింది. రైతుకు అదే ఆపద.

చూపుకు మూడు తెగుళ్ళు

తెలుగు ప్రాంతాలలో టమాటకు వచ్చే వైరస్ తెగుళ్ళలో మూడింటిని రైతులు ఎక్కువగా గుర్తిస్తారు.

మొదటిది ఆకుముడత. ఆకులు ముడుచుకొని చిన్నవవుతాయి. కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గిడసబారుతుంది. పూత రాలిపోతుంది. నాటిన తొలి వారాలలో సోకితే పంట దాదాపు పూర్తిగా పోవచ్చు. దీనిని తెల్లదోమ వ్యాప్తి చేస్తుంది. టమాట ఆకుముడతను మన దేశంలో 1948లో వాసుదేవ, శామ్‌రాజ్ అనే శాస్త్రజ్ఞులు వర్ణించారు.

రెండవది మొవ్వుకుళ్ళు. లేత మొవ్వు నల్లబడి చనిపోతుంది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, కాండం మీద నల్లని చారలు, కాయల మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు ఏర్పడతాయి. వలయాలు పడిన కాయను అంగట్లో ఎవరూ కొనరు. ఈ వైరస్‌ను తామర పురుగులు మోసుకువస్తాయి. వేరుశనగ, పెసర, మినుము, పుచ్చ వంటి పంటలకు కూడ ఇది సోకుతుంది.

మూడవది మొజాయిక్. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ రంగులు కలగలిసి కనిపిస్తాయి. ఈ రూపాన్ని పొగాకు మొజాయిక్, టమాట మొజాయిక్, దోస మొజాయిక్ అనే వేర్వేరు వైరస్‌లు కలిగించగలవు. మొదటి రెండూ చేతుల ద్వారా, పనిముట్ల ద్వారా, విత్తనం ద్వారా వ్యాపిస్తాయి. మూడవదానిని పేనుబంక వ్యాప్తి చేస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రోగానికి కారణాలూ, వ్యాప్తి మార్గాలూ వేరువేరుగా ఉండవచ్చుననడానికి ఇదొక తేలికైన ఉదాహరణ.

ముడత లోపలి భేదాలు

ఆకుముడత వైరస్‌లు జెమిని కుటుంబానికి చెందినవి. లాటిన్‌లో ‘జెమిని’ అంటే కవలలు. మన జ్యోతిషంలోని మిథునరాశికి పాశ్చాత్యులు వాడే పేరు కూడ అదే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఈ వైరస్ రేణువులు రెండేసి అతుక్కొన్న కవలలవలె కనిపిస్తాయి. అందుకే వాటికి ఆ పేరు వచ్చింది. ఒక్కొక్క జంట పొడవు సుమారు 30 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు.

ఈ వైరస్‌ల జన్యుపదార్థం వలయాకారంలో ఉండే డి.ఎన్.ఎ. ఒక్కొక్క వలయంలో సుమారు 2,700 అక్షరాలు ఉంటాయి. ఇక్కడ అక్షరాలనగా న్యూక్లియోటైడులు. మానవుని జన్యుపదార్థంలో ఇట్టివి దాదాపు 300 కోట్లు. ఉత్పలమాల పద్యానికి పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు ఉంటాయి. ఆ లెక్కన వైరస్ గ్రంథమంతా సుమారు ముప్పైనాలుగు ఉత్పలమాలలతో సమానం. ఒక శతకంలో మూడవ వంతు! అంత చిన్న రచన ఒక జిల్లాలోని పంటను తుడిచిపెట్టగలదు.

ఆకుముడత కలిగించే వైరస్‌లన్నీ ఒకే తీరులో లేవు. కొన్నింటికి ఒకే వలయం ఉంటుంది. వీటిని ఏకఖండ వైరస్‌లు అనవచ్చు. బెంగుళూరు ప్రాంతం పేరుతో పిలిచే ఆకుముడత వైరస్ ఇట్టిది. కొన్నింటికి ‘ఎ’, ‘బి’ అనే రెండు వలయాలు ఉంటాయి. ఇవి ద్విఖండ వైరస్‌లు. న్యూఢిల్లీ పేరుతో పిలిచే వైరస్ ఈ తెగకు చెందినది. దాని జన్యుపదార్థం రెండు ఖండాలుగా ఉన్నదని 1995లో ప్రకటించారు. ఏకఖండ వైరస్‌ల వెంట చాలాసార్లు బీటా ఉపగ్రహం అనే మరొక చిన్న వలయం ఉంటుంది. దాని పరిమాణం సుమారు 1,350 అక్షరాలు. ఉపగ్రహం తనంత తాను బతకలేదు. కాని తోడైన చోట రోగతీవ్రతను పెంచుతుంది.

‘ఎ’ ఖండాల అక్షరక్రమాన్ని పోల్చినప్పుడు 91 శాతం కంటె తక్కువ పోలిక ఉంటే వాటిని వేర్వేరు జాతులుగా పరిగణించాలని శాస్త్రజ్ఞులు 2015లో నియమం ఏర్పరచుకొన్నారు. తొమ్మిది శాతం భేదమనగా ముప్పైనాలుగు పద్యాలలో సుమారు మూడు పద్యాలంత తేడా. ఈ కొలత ప్రకారం జెమిని కుటుంబంలోని బెగోమో అనే ఒక్క శాఖలోనే నాలుగు వందలకు పైగా జాతులు లెక్కకు వచ్చాయి. టమాటకు సోకేవాటిలో న్యూఢిల్లీ, బెంగుళూరు, కర్ణాటక, గుజరాత్, పాలంపూర్ పేర్లు గలవి మన దేశంలో ప్రసిద్ధమైనవి. తొలుత గుర్తించిన చోటును బట్టి వచ్చిన పేర్లివి. అవి ఆ ఊళ్ళకే పరిమితం కాలేదు.

ఒకప్పుడు ద్విఖండ వైరస్‌లు ఉత్తర భారతంలోను, ఏకఖండ వైరస్‌లు దక్షిణ భారతంలోను ప్రధానంగా కనిపించేవి. ఆ హద్దు క్రమంగా చెరిగిపోతున్నది. దక్కను పీఠభూమిపై గోదావరి ఒడ్డున ఉన్న జగిత్యాల వంటి ప్రాంతాలు రెండు దిక్కుల నుండి వచ్చే రాకపోకలకు నడుమ ఉన్నాయి. నారు, కూరగాయలు లారీల మీద ఊళ్ళు దాటుతున్న కాలంలో ఏ దిక్కు వైరస్ ఏ చేను చేరుతుందో చెప్పడం కష్టం.

పాఠాంతరాలు ఎలా పుడతాయి?

జన్యు వైవిధ్యం పుట్టుకను అర్థం చేసుకోవడానికి తాళపత్ర గ్రంథాల చరిత్ర తోడ్పడుతుంది. అచ్చుయంత్రం రాకముందు కావ్యాలను లేఖకులు చేతితో రాసి ప్రతులు తయారు చేసేవారు. ఒక అక్షరం తప్పుచదివి మరొకటి రాసేవారు. ఆ ప్రతిని చూసి రాసిన తరువాతి లేఖకుడు ఆ తప్పును నిలుపుతూ తన తప్పును చేర్చేవాడు. ఈ విధంగా పాఠాంతరాలు పుట్టాయి. వైరస్ తన ప్రతులు తయారు చేయించుకొనేటప్పుడు కూడ అక్షరాలు మారుతుంటాయి. దీనిని ఉత్పరివర్తనం అంటారు. ఆర్.ఎన్.ఎ. వైరస్‌లలో తప్పును సరిదిద్దే ఏర్పాటు సాధారణంగా ఉండదు. కాబట్టి అక్కడ మార్పులు వేగంగా జరుగుతాయి. డి.ఎన్.ఎ. ఉన్నప్పటికీ జెమిని వైరస్‌లు కూడ దానితో పోల్చదగిన వేగంతోనే మారుతున్నట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి.

కొందరు లేఖకులు ఒక కావ్యంలోని పద్యాలను మరొక కావ్యంలో చేర్చేవారు. వాటిని ప్రక్షిప్తాలు అంటాం. వైరస్‌లలో ఇట్టి పనిని పునఃసంయోజనం అంటారు. ఒకే మొక్కకు రెండు వైరస్‌లు సోకినప్పుడు ఒకదాని జన్యుభాగం మరొకదానిలో అతుక్కొని కొత్త వైరస్ పుట్టవచ్చు. 1990 దశకంలో ఉగాండా దేశంలో కర్రపెండలం పంటను నాశనం చేసిన వైరస్ ఇట్లే రెండు జాతుల కలయికవలన ఏర్పడిందని తేలింది. ఆ దుంపే అన్నంగా బతికే ప్రజలు ఆకలికి గురి అయ్యారు.

మూడవ మార్గం ఖండాల మార్పిడి. ద్విఖండ వైరస్‌లలో ఒకదాని ‘ఎ’, మరొకదాని ‘బి’ జతకూడవచ్చు. మొవ్వుకుళ్ళు వైరస్ జన్యుపదార్థం మూడు ఆర్.ఎన్.ఎ. ఖండాలుగా ఉంటుంది. కాబట్టి అక్కడ కూడ ఇట్టి మార్పిడికి అవకాశం ఉన్నది. మూడు సంపుటాల గ్రంథంలో ఒక సంపుటం ఒక ప్రతి నుండి, మరొకటి వేరొక ప్రతి నుండి చేరినట్లుగా దీనిని భావించవచ్చు.

అయితే ఒక భేదాన్ని మరువరాదు. లేఖకుని తప్పు కావ్యానికి చాలావరకు కీడే చేస్తుంది. వైరస్‌లో జరిగిన మార్పులలో కూడ అధికభాగం దానికి కీడే చేస్తాయి. ఆ ప్రతులు నశిస్తాయి. నిరోధకశక్తి గల మొక్కలో కూడ పెరగగలిగిన మార్పు వేలలో ఒక్కటి పుట్టినా చాలు, ఆ ప్రతే చేనంతా ఆక్రమిస్తుంది.

మోసుకువచ్చే కీటకాలు

వైరస్‌కు కాళ్ళు లేవు. కీటకమే దాని వాహనం. తెల్లదోమ రోగగ్రస్తమైన మొక్క రసం పీల్చినప్పుడు వైరస్ దాని దేహంలోకి చేరి, కొన్ని గంటలపాటు లోపల ప్రయాణించి, లాలాజల గ్రంథులకు వస్తుంది. ఆ తరువాత అది కుట్టిన మంచి మొక్కలకు వైరస్ ఎక్కుతుంది. తామర పురుగుల తీరు మరొక విధం. అవి పిల్లదశలో రసం పీల్చినప్పుడు మాత్రమే మొవ్వుకుళ్ళు వైరస్‌ను స్వీకరించగలవు. పెద్దవైన పిమ్మట దానిని వ్యాప్తి చేస్తాయి.

తెల్లదోమలో కూడ రకాలు ఉన్నాయి. కంటికి అన్నీ ఒకే తీరుగా కనిపించినా జన్యురీత్యా వేరైన తెగలవి. ‘బి’ రకంగా పేరుపడిన విదేశీ తెల్లదోమను మన దేశంలో 1999లో కర్ణాటకలోని కోలారు జిల్లాలో గుర్తించారు. అదే కాలంలో అక్కడ టమాట ఆకుముడత ఉద్ధృతంగా చెలరేగింది. వైరస్ వైవిధ్యానికి వాహకం వైవిధ్యం తోడైతే ఏమవుతుందో ఆ సంఘటన తెలియజేసింది.

కోత అయిపోయిన తరువాత కూడ వైరస్‌కు నిలువ నీడ దొరుకుతుంది. గట్ల మీద పెరిగే కామంచి, ఉమ్మెత్త, వయ్యారిభామ వంటి మొక్కలలో కొన్ని వైరస్‌లు తలదాచుకొంటాయి. వేర్వేరు వైరస్‌లు ఒకే మొక్కలో కలుసుకొనే అవకాశం కూడ కలుపు మొక్కలలోనే ఎక్కువ.

వంశవృక్షం గీసే విధానం

పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి చెందిన పలు తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఏ ప్రతి ఏ ప్రతికి దగ్గర అన్నది తేల్చడం పరిష్కరణ శాస్త్రంలో ముఖ్యమైన పని. వైరస్ శాస్త్రజ్ఞులు చేసేది కూడ ఇట్టి పనియే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల చేల నుండి ముడుచుకొన్న ఆకులను సేకరించారని అనుకొందాం. ప్రతి నమూనా మీద ఊరి పేరు, తేదీ, నాటిన రకం రాస్తారు. మొదట ఎలీసా అనే పరీక్ష చేయవచ్చు. అనుమానించిన వైరస్‌ను పట్టే ప్రతిరక్షకాలు రంగు మార్పు ద్వారా దాని ఉనికిని తెలుపుతాయి. తరువాత ఆకు నుండి జన్యుపదార్థాన్ని వేరుచేసి, పి.సి.ఆర్. పద్ధతిలో అందులోని వైరస్ భాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచుతారు. ఈ పద్ధతిని 1983లో కనుగొన్న కేరీ మ్యులిస్‌కు 1993లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పిమ్మట యంత్రం ద్వారా అక్షరక్రమాన్ని చదివి, ప్రపంచ శాస్త్రజ్ఞులందరికీ అందుబాటులో ఉన్న జన్యు భాండాగారంలోని క్రమాలతో పోలుస్తారు. పోలికలను బట్టి వంశవృక్షం గీస్తారు.

ఆ వృక్షంలో మూడు ఊళ్ళ నమూనాలు ఒకే కొమ్మ మీద చేరితే, ఒకే వైరస్ ఆ సీమలో తిరుగుతున్నదని భావించవచ్చు. కోరుట్ల నమూనా ఒక కొమ్మమీద, సిరిసిల్ల నమూనా దూరపు కొమ్మమీద నిలిస్తే, అవి వేర్వేరు తావుల నుండి వచ్చాయని ఊహించవచ్చు. ఒక నమూనా సగం ఒక కొమ్మకు, సగం మరొక కొమ్మకు దగ్గరగా ఉంటే పునఃసంయోజనం జరిగిందేమోనని పరీక్షిస్తారు. జగిత్యాల, కోరుట్ల పట్టణాల నడుమ దూరం పాతిక కిలోమీటర్లే కావచ్చు. వంశవృక్షంలో దూరాన్ని కొలిచేది కిలోమీటర్లు కాదు, అక్షరాలు.

పేరు తెలియకపోతే జరిగే నష్టం

వేరుశనగ, టమాట పంటలలో కనిపించే మొవ్వుకుళ్ళుకు విదేశాలలో ప్రసిద్ధమైన టమాట స్పాటెడ్ విల్ట్ వైరస్ కారణమని చాలాకాలం భావించారు. మెదక్ సీమలోని పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి, ఆయన సహచరులు ఈ రోగాన్ని పరిశోధించారు. ఇది వేరొక వైరస్ అని 1992లో ప్రకటించారు. చూపుకు ఒకటిగా కనిపించిన రోగానికి సరైన పేరు దొరకడానికి ఏండ్లు పట్టింది.

అంతకంటె పెద్ద పాఠాన్ని 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా నేర్పింది. ఆ ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు మొవ్వు ఎండి, కాండం నల్లబడి చనిపోయాయి. తొలుత అది మొవ్వుకుళ్ళుగానే కనిపించింది. పరీక్షలు జరిపిన తరువాత కారణం పొగాకు స్ట్రీక్ వైరస్ అని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తేల్చారు. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా. ఈ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని పంట ఆకుల మీదికి చేరుస్తాయి. వయ్యారిభామలో మాత్రం రోగలక్షణం కనిపించదు. అనగా రెండు రోగాలలోను తామర పురుగే ఉన్నా, చేయవలసిన పని ఒకటి కాదు. ఇక్కడ గట్టుమీది పూల మొక్కను పీకివేయడమే ప్రధాన రక్షణ. రోగం పేరు తెలియని రైతు పురుగుమందు మీద డబ్బు పోసేవాడే గాని ఆ మొక్క వంక చూసేవాడు కాడు.

నిరోధకశక్తికి గల హద్దులు

వైవిధ్యపు ప్రభావం అన్నింటికంటె స్పష్టంగా కనిపించేది విత్తనం విషయంలో. అడవి టమాట జాతులలో ఆకుముడతను తట్టుకొనే జన్యువులు ఉన్నాయి. అట్టి ఒక అడవి జాతి నుండి నిరోధకశక్తిని సాగు టమాటలోకి తెచ్చినట్లు 1990లో భారతీయ శాస్త్రజ్ఞులు కల్లూ, బెనర్జీ ప్రకటించారు. ఆ జన్యువుకు తరువాత టి.వై.-2 అని పేరు వచ్చింది. మరొక అడవి జాతి నుండి టి.వై.-3 లభించింది. 2015లో ప్రకటితమైన ఒక భారతీయ పరిశోధన ముఖ్యమైన విషయాన్ని వెల్లడించింది. టి.వై.-2 గల మొక్కలు బెంగుళూరు ఏకఖండ వైరస్‌ను తట్టుకొన్నాయి. న్యూఢిల్లీ ద్విఖండ వైరస్‌కు మాత్రం లొంగిపోయాయి. రెండు జన్యువులను ఒకే మొక్కలో చేర్చినప్పుడు రెండింటి నుండి రక్షణ కలిగింది.

ఇప్పుడు తొలి ప్రశ్నకు జవాబు దొరుకుతున్నది. ఒక ఊరిలో బాగా పండిన రకాన్ని చూసి పక్క జిల్లా రైతు అదే విత్తనం కొంటాడు. అతని చేనులో తిరుగుతున్నది వేరొక జాతి వైరస్ అయితే ఆ విత్తనం అతనిని కాపాడదు. అప్పుడు విత్తనం నకిలీదని, నాటిన వేళ మంచిది కాదని, మందు సరిగా కొట్టలేదని నిందలు పుడతాయి. అసలు కారణం ఆకులోని అక్షరాలలో దాగి ఉంటుంది.

ఈ సంగతి జగిత్యాల రైతులకు పూర్తిగా కొత్తది కాదు. జగిత్యాల సమీపంలోని పొలాస వద్ద వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానం ఉన్నది. ఉల్లికోడును తట్టుకొనే ‘జగిత్యాల సన్నాలు’ వంటి వరి రకాలు అక్కడ రూపొందాయి. ఉల్లికోడు పురుగులో ప్రాంతాన్ని బట్టి వేర్వేరు జీవరూపాలు ఉన్నాయనీ, జగిత్యాల రూపం, వరంగల్ రూపం ఒకటి కావనీ, ఒకదానిని తట్టుకొన్న వరి మరొకదానికి లొంగవచ్చుననీ పరిశోధకులు ఏనాడో గుర్తించారు. వరిలో పురుగు నేర్పిన పాఠాన్నే టమాటలో వైరస్ తిరిగి నేర్పుతున్నది.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. న్యూఢిల్లీ పేరుగల వైరస్ 2012లో స్పెయిన్ దేశంలో గుమ్మడి కుటుంబపు పంట మీద బయటపడింది. అక్కడ స్థిరపడిన రూపం టమాట కంటె ఆ కుటుంబపు పంటలకే ఎక్కువగా అలవడింది. ఇజ్రాయెల్‌లో 2014లో కనిపించిన టమాట బ్రౌన్ రూగోస్ ఫ్రూట్ వైరస్ అనే కొత్త వైరస్, మొజాయిక్ నుండి దశాబ్దాలపాటు టమాటను కాపాడిన నిరోధక జన్యువును కూడ దాటిపోయింది. తరువాత అది అనేక దేశాలకు వ్యాపించింది.

చేయవలసిన పని

వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. సోకకుండా కాపాడుకోవడమే మార్గం. నారుమడిపై సన్నని రంధ్రాలు గల నైలాన్ వల కప్పి తెల్లదోమ చేరకుండా చూడాలి. చేను చుట్టూ జొన్న గాని మొక్కజొన్న గాని రెండు మూడు వరుసలు వేస్తే ఎగిరివచ్చే కీటకాలకు అడ్డుగోడ అవుతుంది. తెల్లదోమను పసుపురంగు, తామర పురుగులను నీలిరంగు జిగురు అట్టలు ఆకర్షిస్తాయి. తొలిదశలో రోగం కనిపించిన మొక్కలను పీకి నాశనం చేయాలి. గట్ల మీది కలుపును పూతకు రాకముందే తొలగించాలి. మొజాయిక్ ఉన్న చేనులో పనిచేసినవారు చేతులు, పనిముట్లు శుభ్రపరచుకోవాలి. ఒకే పురుగుమందును పదే పదే కొడితే కీటకం దానికి అలవాటు పడుతుంది. ఖర్చు పెరుగుతుందే గాని రోగం తగ్గదు.

వీటన్నింటికంటె ముందు రైతు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. తన చేనులో రోగం కనిపించిన తేదీని, వేసిన రకాన్ని, నారు ఎక్కడి నుండి తెచ్చినదీ రాసి ఉంచుకోవాలి. ఆకులను శాస్త్రజ్ఞులకు చూపించాలి. జగిత్యాల సీమకు పొలాస పరిశోధన స్థానం, జగిత్యాల వ్యవసాయ కళాశాల ఉన్నాయి. సిరిసిల్లలో కూడ వ్యవసాయ కళాశాల ఏర్పడింది. రైతు తెచ్చిన ఆకు ప్రయోగశాలకు ముడిసరుకు. ప్రయోగశాల చెప్పిన పేరు రైతుకు ఆయుధం. ఈ రెండింటి నడుమ దారి ఎంత దగ్గరైతే చేనుకు అంత మేలు.

వైరస్‌లు మారుతూనే ఉంటాయి. ఒకసారి గీసిన వంశవృక్షం శాశ్వతం కాదు. ఒకసారి గెలిచిన విత్తనం ఎల్లకాలం గెలవదు. కాబట్టి ఊరూరి నమూనాలను ఏటేటా చదవవలసి ఉన్నది. చదవగల యువతీయువకులు ఆ ఊళ్ళ నుండే రావలసి ఉన్నది. ముడుచుకొన్న ఆకును చూసి “వైరస్ వచ్చింది” అన్న తండ్రిని “ఏ వైరస్?” అని అడగగలిగిన బిడ్డ ఆ ఇంట ఉన్ననాడు చదువు చేనుకు చేరినట్లు.

అభ్యాసం

1. టమాట ఆకుముడత వైరస్‌లలోని జన్యు వైవిధ్యాన్ని, దాని వలన రైతుకు కలిగే ఇబ్బందులను వివరించండి.

2. తాళపత్ర గ్రంథాల పాఠాంతరాలకు, వైరస్‌లలోని మార్పులకు గల పోలికలను, భేదాన్ని తెలపండి.

3. అనంతపురం జిల్లాలో 2000 సంవత్సరంలో జరిగిన పంట నష్టం నుండి గ్రహింపదగిన విషయమేమిటి?

4. ‘జెమిని’ అనే పేరు ఎట్లా ఏర్పడింది?

5. మీ ప్రాంతంలో కూరగాయలు పండించే ఒక రైతును కలిసి, ఆయన గమనించిన తెగుళ్ళను గురించి పది వాక్యాలు రాయండి.